కుళాయి అందని చోట నీటి తొట్టి

కుళాయి తిప్పగానే నీరు పడే ఇంట్లో ఆ నీరు ఎలా వచ్చిందని ఆలోచించేవారు అరుదు. నేలలో కంటికి కనబడకుండా సాగే గొట్టం రాత్రింబగళ్ళు మూడు పనులు చేస్తూ ఉంటుంది. నీటిని నెట్టి ఇంటిదాకా చేరవేస్తుంది. దారిలో దుమ్ము, చేయి, పురుగు తగలకుండా మూసి ఉంచుతుంది. నీటిలో కలిపిన క్లోరిన్ హరించిపోకముందే దానిని గడపకు అందిస్తుంది. గొట్టం లేని చోట ఈ మూడు పనులూ మాయం కావు. నీరు పట్టుకొనే మనిషి మీదకు వచ్చి పడతాయి. ఈ సంగతి తెలిసిన ఇంట నిలువనీరు ప్రాణాధారం. తెలియని ఇంట అదే నీరు రోగమూలం.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఈ రెండు స్థితులూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా అక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉక్కు తయారీకి ఖనిజం, బొగ్గు ఎంత ముఖ్యమో నీరూ అంతే ముఖ్యం. 1921లో పూర్తయిన తాందుల జలాశయం, పొలాలకోసం కట్టినదే అయినా, కర్మాగారానికీ దాని ఉద్యోగుల నివాసాలకూ ఆధారమయింది. అక్కడి నీరు కాలువ వెంట వచ్చి మరోదా చెరువులో నిలుస్తుంది. శుద్ధి అయి సెక్టార్ల ఇళ్ళకు కుళాయిల ద్వారా చేరుతుంది.

ఆ ఊరికి మరొక ముఖం కూడా ఉంది. కర్మాగారం కట్టే రోజుల్లో కూలీలకోసం ఏర్పడిన వసతులు క్యాంపు-1, క్యాంపు-2 అనే పేర్లతోనే స్థిరపడిపోయాయి. ఖుర్సీపార్ వంటి కార్మికవాడలు వాటికి తోడయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి పనికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఈ వాడల్లో తరతరాలుగా ఉంటున్నాయి. ఎండలు ముదిరి, బోర్లు ఎండి, కుళాయి ధార సన్నగిల్లినప్పుడు ఇటువంటి వాడలకు ట్యాంకరే దిక్కు. ట్యాంకరు హారను వినబడగానే బిందెలు, బకెట్లు, 200 లీటర్ల డ్రమ్ములు వీధిలో వరుస కడతాయి. మళ్ళీ అది ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక అందినంత నీరు పట్టుకొని నిలువ చేసుకోవలసిందే.

పాశ్చాత్య దేశాలలో విహారానికి వెళ్ళేవారు సరదాకోసం ఇదే చిక్కును కొనితెచ్చుకొంటారు. మోటారు వెనుక తగిలించుకొని తీసుకుపోయే ఇంటిబండిలో పడక, వంటిల్లుతో పాటు మంచినీటి తొట్టి కూడా అమర్చి ఉంటుంది. చిన్న బండ్లలో ఆ తొట్టి సుమారు 75 లీటర్లు, పెద్ద బండ్లలో 300 లీటర్లకు పైగా పడుతుంది. విడిది స్థలంలో నీటి గొట్టం ఉంటే తగిలించుకొంటారు. అడవి అంచున దిగితే క్యాన్లలో మోసి తెచ్చి నింపుకొంటారు. మన దేశంలోనూ ఇటువంటి బండ్ల ప్రయాణాన్ని ప్రోత్సహించేందుకు 2021లో కేరళ ప్రభుత్వం ప్రత్యేక విధానం ప్రకటించింది. విలాసానికి నింపే తొట్టికీ, అవసరానికి నింపే డ్రమ్ముకూ నియమాలు ఒక్కటే.

మొదటి పని నీటిని చేరవేయడం. లీటరు నీటి బరువు కిలో. కనుక 20 లీటర్ల క్యాను అంటే 20 కిలోల మోత. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 7, 8 లీటర్లు కావాలనుకొంటే, ఆరుగురు రెండు రోజులు ప్రయాణం చేయడానికి దాదాపు 90 లీటర్లు అవసరమవుతాయి. భిలాయినుంచి వ్యాను కట్టించుకొని, రాయపూర్, జగ్దల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా స్వగ్రామానికి వెళ్ళే కుటుంబం ఇంత బరువు ఎక్కించేటప్పుడు ఒక సంగతి గమనించాలి. సగం నిండిన పెద్ద డ్రమ్ములో నీరు ప్రతి మలుపులోనూ ఒక పక్కకు ఎగబడుతుంది. కేశ్‌కాల్ ఘాటు వంటి మలుపుల దారిలో ఆ ఊపు బండి నిలకడను దెబ్బతీస్తుంది. ట్యాంకర్ల లోపల అడ్డుపలకలు అమర్చేది ఇందుకే. వ్యానులో ఒకే పెద్ద డ్రమ్ముకంటె మూతలు బిగించిన నాలుగైదు చిన్న క్యాన్లు మేలు. వాటిని అడుగున, ఇరుసులకు దగ్గరగా, కదలకుండా కట్టివేయాలి.

ఎత్తున ఉన్న పాత్రలోని నీటిని పల్లానికి దించడానికి పంపు అక్కరలేదు. సన్నని గొట్టం చాలు. అయితే గొట్టం కొసను నోట పెట్టి పీల్చే అలవాటు మంచిది కాదు. నోటి మలినం నీటిలోకి, నీటి మలినం నోటిలోకి చేరుతాయి. గొట్టాన్ని ముందుగా శుభ్రమైన నీటితో నింపి, రెండు కొసలూ వేళ్ళతో మూసి, ఒక కొసను పై పాత్రలో ముంచి, రెండవ కొసను కింద వదిలితే చాలు, ధార మొదలవుతుంది. ఎత్తు తేడా ఎంత ఎక్కువైతే ధార అంత వడిగా ఉంటుంది.

రెండవ పని నీటిని మూసి ఉంచడం. శుద్ధజలం చెడిపోయేది ఎక్కువగా చెరువులో కాదు, చేతులు మారే చోట. ట్యాంకరు గొట్టం కొస బురదలో పడి, అదే కొస డ్రమ్ములో మునిగితే వీధి మురికి అంతా ఇంటికి చేరినట్లే. గొట్టం కొసను నేలకు తాకనీయకుండా కొక్కేనికి తగిలించాలి. నింపేటప్పుడు కొసను నీటిలో ముంచక, నీటి మట్టానికి జానెడు ఎత్తున పట్టుకోవాలి. అప్పుడు డ్రమ్ములోని నీరు వెనక్కి గొట్టంలోకి పోయే వీలుండదు. ఇంటిబండ్లవారు మంచినీటికి ఒక గొట్టం, మురుగు కడగడానికి మరొక గొట్టం వేరుగా ఉంచుకొంటారు. రెండింటినీ ఒకే పెట్టెలో కూడా పెట్టరు. రసాయనాలు, పురుగుమందులు, నూనెలు వచ్చిన డ్రమ్ములు ఎంత కడిగినా తాగునీటికి పనికిరావు.

నిలువ చేసిన నీటిలో చేయి ముంచకుండా తీసుకోవడం మరొక జాగ్రత్త. పాతకాలపు చలివేంద్రాలలో కుండలో ముంత ముంచి దోసిట పోసే మనిషి ఒకరే ఉండేవారు. దాహం తీర్చుకొనేవారి చేయి కుండను తాకేది కాదు. నేడు ఆ పని డ్రమ్ము అడుగున బిగించిన చిన్న కుళాయి చేస్తుంది. కుళాయి బిగించే వీలు లేకపోతే పొడవైన కాడ ఉన్న గరిటెను ఆ పనికే కేటాయించి, కొక్కేనికి తగిలించి ఉంచాలి.

మూడవ పని నీటిని శుద్ధి చేయడం. బురదనీటిలో ఏ మందు వేసినా సరిగా పనిచేయదు. అందుచేత ముందుగా నీటిని తేరనివ్వాలి. పటికముక్క తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం తెలుగు ఇళ్ళలో పూర్వంనుంచి ఉన్న పద్ధతులు. అవి మడ్డిని అడుగుకు దింపుతాయి కాని సూక్ష్మజీవులను పూర్తిగా చంపవు. తేరిన నీటిని పైనుంచి వేరు చేసి బ్లీచింగ్ పౌడరు కలపాలి. మంచి పౌడరులో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. గాలి, వెలుతురు, తేమ తగిలినకొద్దీ ఆ బలం తగ్గిపోతుంది. తేట నీటికి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలునని ప్రజారోగ్య గ్రంథాలు చెబుతాయి. కలిపిన తరువాత గంటసేపు ఆగి వాడాలి.

అయితే అన్ని నీళ్ళూ ఒకటి కావు. ఎంత మలినముంటే అంత క్లోరిన్ ఖర్చవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యానికి ఇదే సమస్య ఎదురయింది. ఊరూ పేరూ లేని చోట, దొరికిన నీటితో బండి తొట్టి నింపుకొన్న దళానికి ఎంత మందు వేయాలో ఎవరు చెబుతారు? సైనిక వైద్యాధికారి సర్ విలియం హారక్స్ రూపొందించిన పరీక్ష దానికి సమాధానం. ఇది మన ఆరోగ్య సిబ్బందికి నేర్పే పాఠాలలోనూ చేరింది.

అందులో ఒక నల్ల కప్పు, ఆరు తెల్ల కప్పులు ఉంటాయి. నల్ల కప్పులో 2 గ్రాముల పౌడరును నీటితో కలిపి తేరనిస్తారు. తెల్ల కప్పులలో పరీక్షించవలసిన నీరు పోసి, ఆ తేట ద్రవాన్ని మొదటి కప్పులో ఒక చుక్క, రెండవ దానిలో రెండు చుక్కలు, ఇలా ఆరవ కప్పుదాకా వేస్తారు. అరగంట తరువాత ప్రతి కప్పులోనూ గంజి, అయొడైడు కలిపిన ద్రావణం మూడేసి చుక్కలు వేస్తారు. స్పష్టమైన నీలిరంగు మొట్టమొదట ఏ కప్పులో కనిపిస్తే, ఆ సంఖ్యకు రెట్టింపు గ్రాముల పౌడరు 455 లీటర్ల నీటికి కావాలి. మూడవ కప్పులో రంగు వస్తే 6 గ్రాములు. ఆ లెక్కన 200 లీటర్ల డ్రమ్ముకు రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. ఇంత పరీక్ష చేసే వీలు లేనివారు క్లోరిన్ బిళ్ళలు తెచ్చుకొని, పొట్లం మీది సూచన ప్రకారం వాడవచ్చు. లేదా నీటిని బాగా మరగకాచి చల్లార్చుకోవచ్చు.

చాలాకాలం వాడని తొట్టిని నింపే ముందు తొట్టినే శుద్ధి చేయాలి. లోపల రుద్ది కడిగి, ప్రతి 100 లీటర్ల నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు చొప్పున కలిపి నింపి, కనీసం నాలుగు గంటలు ఉంచాలి. ఆ నీటిని పారబోసి, ఘాటు వాసన పోయేదాకా మంచినీటితో కడగాలి. ఈ మోతాదు పాత్రను కడగడానికే. ఆ నీరు తాగడానికి కాదు.

ఈ మూడు పనులూ చేసినవారు కూడా తరచు మరచిపోయే శత్రువు మరొకటి ఉంది. డెంగ్యూ వ్యాప్తి చేసే ఏడిస్ దోమ మురుగుకాలువలకోసం వెదకదు. ఇంట్లోని నిలువనీరే దానికి ఇష్టం. 2018 వానకాలంలో భిలాయి, దుర్గ్ ప్రాంతంలో డెంగ్యూ తీవ్రంగా ప్రబలి పలువురిని బలిగొన్నది. కార్మికవాడలలో ఇల్లిల్లూ తిరిగిన సిబ్బంది ముందుగా చూసినవి కూలర్లు, డ్రమ్ములు, తొట్లే. వేసవిలో దాహం తీర్చిన డ్రమ్ము, చల్లగాలి ఇచ్చిన కూలరు వానకాలం వచ్చేసరికి దోమల పుట్టిళ్ళయ్యాయి.

ఈ దోమ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అంటుకొని ఉంటాయి. నీరు పారబోసినా అవి పోవు. నెలల తరబడి ఎండినా చావవు. మళ్ళీ నీరు తగిలితే పిల్లలవుతాయి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. కనుక వారానికొకసారి డ్రమ్మునూ కూలరునూ ఖాళీ చేసి, గోడలను పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టి, మళ్ళీ నింపాలి. మూత సందు లేకుండా కూర్చోకపోతే పలుచని గుడ్డ కప్పి తాడుతో బిగించాలి. కష్టపడి పట్టుకొన్న నీటిని పారబోయడానికి మనసొప్పదు నిజమే. ఆ నీటిని అంట్లకో, మొక్కలకో వాడితే వృథా కాదు.

ట్యాంకరుమీద ఆధారపడిన ఇల్లాలు చేసేది చిన్నపాటి నీటి కర్మాగారపు పని అని గ్రహించేవారు తక్కువ. ఆమె మోస్తుంది, మూస్తుంది, శుద్ధి చేస్తుంది. ఈ భారాన్ని ఇంటిల్లిపాదీ పంచుకోవడం న్యాయం. వాడలోని ప్రతి గడపకూ గొట్టం చేరినప్పుడే ఆ భారం పూర్తిగా దిగుతుంది. అంతవరకు గొట్టం చేయవలసిన పనిని మనుషులే చేయాలి. డ్రమ్ము నిండగానే నిశ్చింతగా ఉండరాదు. అందులోని ఆఖరి చెంబు నీరు నిర్మలంగా గొంతు దిగేదాకా జాగ్రత్త అవసరమే.