కాగితం ట్రామ్‌పై పెద్దల చేయి పడనీయొద్దు

సెలవులొస్తే చాలు, పిల్లల చేతిలోంచి ఫోన్ ఎలా లాక్కోవాలా అని ఇంటింటా ఒకటే ఆలోచన. నన్నడిగితే, ఖాళీ అయిన చేతికి ఇంకో పని ఇవ్వాలి. కాగితంతో కోల్‌కతా ట్రామ్ చేయమనండి.

కారు వంపులు కాగితంలో తేలిగ్గా రావు. పాత ట్రామ్ అంటే దాదాపు పొడవాటి పెట్టె, కొత్తవాళ్లకూ లొంగుతుంది. పైగా కథ ఉన్న బండి. 1873లో గుర్రాలు లాగాయి, 1902లో కరెంటు వచ్చింది. మద్రాసులోనూ 1895 నుంచి 1953 దాకా కరెంటు ట్రామ్‌లు తిరిగాయి. తాతయ్య బాల్యం అక్కడ గడిచి ఉంటే, కత్తిరింపుల మధ్య ఆ కబుర్లూ బయటికొస్తాయి.

ఏ సైజులో చేయాలన్నది ముఖ్యం. కోల్‌కతా ట్రామ్ పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. 87వ వంతుకు తగ్గిస్తే 16.5 మిల్లీమీటర్లే. ముద్దుగానే ఉంటుంది గానీ కిటికీలు కత్తిరించేసరికి వేళ్లు నొప్పెడతాయి, చత్వారం వచ్చిన అమ్మానాన్నలకైతే గీతే కనిపించదు. 50వ వంతు తీసుకుంటే 28.7 మిల్లీమీటర్లు వస్తుంది. అది చాలు. ఆ లెక్క పిల్లలతోనే వేయించండి.

చక్రాలకు పాత శుభలేఖల అట్ట బాగుంటుంది. పైన కరెంటు తీగను అందుకునే కడ్డీకి అగరుబత్తి పుల్ల సరిపోతుంది. మడత తిన్నగా రావాలంటే ముందు ఇంకు అయిపోయిన పెన్నుతో స్కేలు ఆనించి గీయాలి. చిన్నపిల్లలకు మొన లేని కత్తెరే ఇవ్వండి, కట్టర్ పెద్దల దగ్గరే ఉండాలి.

అంతవరకే పెద్దల పాత్ర. కానీ మన ఇళ్లలో జరిగేది వేరు. బడి ప్రాజెక్టులు అమ్మ చేతుల్లోనో, స్టేషనరీ షాపులోనో తయారవుతున్నాయి. పని పెద్దలు చేసేశాక పిల్లలకు మిగిలేది చూడటమే. ఒక చేయి కాగితాన్ని తిప్పుతుంటే రెండోది కత్తిరించడం, జిగురు ఆరేదాకా పట్టుకుని కూర్చోవడం... వేళ్లకు పట్టు, మనసుకు ఓపిక వచ్చేది వాటితోనే. ట్రామ్ కాస్త వంకరగా వస్తే రానివ్వండి. జ్ఞాపకశక్తి పెరుగుతుందనో, మార్కులు పెరుగుతాయనో మాత్రం నేను ఆశపెట్టను.

ఇంకో మాట. కంటి విషయానికొస్తే ఇదీ దగ్గరి పనే, ఫోన్ మానాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లపాటు 20 అడుగుల దూరంలోకి చూడమనండి. హ్రస్వదృష్టి ముప్పును తగ్గించేది పగటి వెలుతురులో ఆరుబయట గడిపే సమయం. అందుకే జిగురు ఆరేలోపు వీధిలోకి పంపండి, ఎండ మండే వేళ కాకుండా సాయంత్రం పూట. మడత గీత కోసం పిల్లవాడు కాగితాన్ని పదే పదే ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంటే, బడి తెరిచేలోపే కంటి పరీక్ష చేయించండి.