పాట సినిమాదే, మరి వీడియోలో కనపడేది ఎవరు?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

సెలవులు ఇచ్చారంటే నర్సీపట్నంలో చదివే మన పిల్లలు ఫోను, చిన్న బ్లూటూత్ స్పీకరు పట్టుకుని లంబసింగి, చింతపల్లి రోడ్డెక్కుతన్నారు. ఏటి పని అంటే కవర్ సాంగ్. తీయండి, వద్దనను. స్పీకర్లో పాట పెట్టి పెదాలు కలపడం, ఒక్కో ముక్కా నాలుగు చోట్ల తీసి కలుపుకోవడం, ఇవన్నీ ఏ కోచింగూ లేకుండా నేర్చేసుకున్నారు. అది చిన్న విద్య కాదు.

నా బాధ వేరే ఉంది. ఆ వీడియోల్లో మనోళ్లే ఆకులు కట్టుకుని, తలకి ఈకలు పెట్టి, మొహానికి తెల్ల చుక్కలు వేసుకుని గెంతుతన్నారు. మీ ఊళ్లో ఎవరైనా అలా ఉంటారా? అది సినిమావాళ్లు మనకి తొడిగిన వేషం. 1974లో అల్లూరి సీతారామరాజు సినిమా చింతపల్లి అడవుల్లో తీశారు. కెమెరా మన కొండలకి కొత్త కాదు. కెమెరా మన చేతికి రావడమే కొత్త. వచ్చాక కూడా వాళ్ల కళ్లతోనే మనల్ని మనం తీసుకుంటే ఎలా?

థింసానే చూడండి. ఒకరి నడుం వెనక ఒకరు చెయ్యేసి గొలుసులా తిరుగుతారు. బోడ థింసా ఊరి దేవతకి. పొటర్ తోల అంటే ఆకులు కోసే పని. బాగ్ థింసాలో పులి నుంచి తప్పించుకోవడం ఉంటది. ప్రతి అడుగుకీ అర్థం ఉన్న ఆటని పట్టుకుని సినిమా బీట్‌కి నాలుగు గెంతులు చేసేస్తే మన ముసలమ్మలు నవ్వుతారు. నవ్వితే ఫర్వాలేదు, కొందరు మొహం తిప్పేసుకుంటారు.

ఇంక హక్కుల సంగతి. సినిమా పాట వాడితే యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనేది ట్యూన్ని పట్టేస్తది. ప్రకటనల డబ్బు ఆడియో కంపెనీకి పోవచ్చు, వీడియోనే ఆగిపోనూవచ్చు. కింద "నో కాపీరైట్ ఇంటెండెడ్" అని రాస్తే పనికిరాదు. అది వాళ్ల పాట, న్యాయమే. కానీ మన పాట మాటేంటి? తాతల నాటి పాట ఎవరి సొంతమూ కాదు అంటారు. దాన్ని రికార్డు చేసినవాడికి మాత్రం ఆ రికార్డింగ్ మీద మన చట్టం 60 ఏళ్ల హక్కు ఇస్తది. 2021లో లవ్ స్టోరీ సినిమాలో సారంగ దరియా వచ్చినప్పుడు ఆ పాటని ముందు వెలికి తెచ్చింది ఎవరని ఎంత గొడవైందో గుర్తుందా? అక్కడ అడగడానికి ఒక గాయని ఉంది. మన కువి పాటకి, కొండదొరల పాటకి అడిగేదెవరు?

అందుకే నా మాట, ఈసారి ఉన్న పాటే తీయండి, కానీ మన ఊళ్లో ఉన్న పాట తీయండి. పాడే అవ్వని కూర్చోబెట్టి ముందు అడగండి, ఇది బయట పాడొచ్చా అని. కొన్ని పండక్కే పాడతారు, కొన్ని చావుకి. వద్దంటే వదిలేయాలి. సరే అంటే మొదటి రికార్డింగ్ మనమే చేసి, పాడినవాళ్ల పేరు, ఊరి పేరు వీడియో మొదట్లోనే వేయాలి, చివర్లో చిన్నక్షరాల్లో కాదు. కింద తెలుగు అర్థం వేస్తే పక్క ఊరోళ్లకీ తెలుస్తది. డబ్బులొస్తే అవ్వకి వాటా.

చెల్లెళ్ల విషయం ఒకటి. ఆడపిల్లలు ఉన్న వీడియో ఎక్కించే ముందు వాళ్లకి చూపించండి. కామెంట్లలో బూతులు పడేది వాళ్ల మీదే, మన మీద కాదు.

వ్యూస్ రావు అని కొందరు తమ్ముళ్లు అంటన్నారు. రాకపోవచ్చు. 2020లో పలాస సినిమాలో నాదీ నక్కిలీసు గొలుసు మారుమోగిపోయింది, అది ఉత్తరాంధ్ర జానపదమే కదా. పాటలో బలం లేక కాదు మనవి వినపడనిది.

వేసవిలో తీయాలనుకునే బ్యాచ్ ఉంటే చెప్పండి. మోరి ఊదేవాళ్లు, తుడుం కొట్టేవాళ్లు నాకు తెలుసు. నంబర్లు ఇక్కడ పెట్టను, మెసేజ్ చేయండి, నేనే తీసుకెళ్తాను. సంత రోజు తప్ప ఎప్పుడైనా ఊళ్లోనే ఉంటారు.