చప్పట్లు కాదు.. మౌనమే నివాళి

జులై 26న కార్గిల్ విజయ్ దివస్, డిసెంబర్ 4న నేవీ డే, డిసెంబర్ 16న 1971 యుద్ధ విజయ దినం. ఈ రోజుల్లో సైనిక స్మారకాల దగ్గర నివాళి సభలు జరుగుతాయి. కుటుంబాలతో, పిల్లలతో జనం వస్తారు. రావడం మంచిదే. వచ్చాక ఎలా ఉండాలన్నది మాత్రం మనకెవరూ చెప్పలేదు. అందుకే బ్యూగిల్ మోగగానే చప్పట్లు కొట్టేవాళ్లు, మౌనం పాటించే వేళ ఫోన్ మాట్లాడేవాళ్లు, స్తూపానికి వీపు పెట్టి సెల్ఫీ దిగేవాళ్లు కనిపిస్తుంటారు.

ఇది పొగరు కాదు, తెలియకపోవడం. మన ఊళ్లలో చావింటి ముందు డప్పు మోగుతుంది, ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది. బ్యాండు వినిపిస్తే పెళ్లో, ఊరేగింపో అనుకుంటాం. సైన్యం పద్ధతి వేరు. ముందు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. 'శోక్ శస్త్ర్' అని ఆజ్ఞ వినపడగానే జవాన్లు తుపాకుల మొనలు నేలవైపు తిప్పి తల వంచుతారు. బ్యూగిల్ మీద 'లాస్ట్ పోస్ట్' ఊదుతారు. సైనిక శిబిరంలో రోజు ముగిసిందని చెప్పే పిలుపు అది. ఇక్కడ మాత్రం తిరిగిరాని వాళ్లకు వీడ్కోలు. తర్వాత మౌనం, ఆపైన 'రౌజ్' అనే మేలుకొలుపు. అంతవరకూ మనం చేయాల్సిందల్లా నిటారుగా, కదలకుండా నిలబడటమే. టోపీ ఉంటే తీయాలి. సెల్యూట్ యూనిఫాంలో ఉన్నవాళ్ల పని, మనకు అక్కర్లేదు.

ఏ చోట ఏ మర్యాదో కూడా తెలుసుకోవాలి. నేవీ డే నాడు విశాఖ బీచ్ రోడ్డులోని 'విక్టరీ ఎట్ సీ' స్తూపం దగ్గర పూలు ఉంచి నివాళి అర్పిస్తారు. నౌకల విన్యాసాలు వేరు. అవి చాలా ఏళ్లు విశాఖ తీరంలో జరిగాయి, 2024లో పూరీలో చేశారు. బరంపురం, రాయగడ నుంచి వెళ్లే మనవాళ్లు విన్యాసాలప్పుడు ఎంత కేరింతలు కొట్టినా ఫర్వాలేదు. స్తూపం దగ్గర మాత్రం కూడదు. పుదుచ్చేరి బీచ్‌లో 1938లో కట్టిన ఫ్రెంచ్ యుద్ధ స్మారకం ఉంది. జులై 14న అక్కడ రెండు దేశాల గీతాలూ వినిపిస్తాయి. యానాం నుంచి వెళ్లినవారు రెండింటికీ ఒకేలా నిలబడాలి. చెన్నై నందంబాక్కంలో, పుణె దగ్గర ఖడ్కీలో రెండో ప్రపంచ యుద్ధ సైనికుల సమాధుల తోటలు ఉన్నాయి. పచ్చిక బాగుంది కదా అని టిఫిన్ డబ్బాలు విప్పే పార్కులు కావవి. సమాధి రాళ్ల మీద కూర్చోకూడదు, దాటుకుంటూ నడవకూడదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది అమరుల కుటుంబం. ముందు వరుస వాళ్లది. పోయినవారి పతకాలను కుటుంబసభ్యులు కుడివైపు పెట్టుకుంటారు. తాను సంపాదించిన పతకం సైనికుడు ఎడమవైపు పెట్టుకుంటాడు. కుడివైపు పతకం పెట్టుకున్న అమ్మ కనిపిస్తే ఆ ఇంట్లో ఒకరు లేరని అర్థం. ఆమెకు దారి ఇవ్వాలి. ఆమె ఏడుస్తుంటే వీడియో తీయడం పాపం. 'గవర్నమెంటు ఎంతిచ్చిందమ్మా? స్థలం ఇచ్చారా? ఉద్యోగం ఇచ్చారా?' అని అడగడం అంతకన్నా పాపం. మనకది మామూలు పలకరింపు. ఆమెకు బిడ్డ ప్రాణానికి ధర కట్టినట్టు ఉంటుంది. నమస్కారం పెట్టి పక్కకు జరిగితే చాలు.

'భారత్ మాతాకీ జై అంటే కూడా తప్పేనా?' అని కొందరు నొచ్చుకుంటారు. తప్పు కాదు. కార్యక్రమం అయ్యాక గొంతెత్తి అనండి. మౌనం మధ్యలో అరిస్తే అందరి చూపూ అరిచినవాడి మీదికి పోతుంది, పోయినవారి మీద ఉండదు. నిర్వాహకులకూ ఒక మాట. ముఖ్య అతిథి ఆలస్యమయ్యారని ముసలి తల్లిదండ్రులను ఎండలో కూర్చోబెట్టొద్దు. పంచిన జెండాలను కాళ్ల కింద పడనీయొద్దు. కాగితం జెండాలను నేల మీద పారేయకూడదని 2002 నాటి జెండా నియమావళిలోనే ఉంది.

సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు ఈ విషయం మరింత దగ్గరది. బెంగళూరులోని మద్రాస్ శాపర్స్, నీలగిరుల్లోని వెల్లింగ్టన్ కేంద్రంగా ఉన్న మద్రాస్ రెజిమెంట్.. ఈ రెండింటిలోనూ తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రాళ్లు ఒకే వరుసలో నిలబడ్డారు. వాళ్ల పేర్లు ఒకే రాతి మీద ఉన్నాయి. మనవాడి పేరు వెతికి దండం పెట్టి, పక్క పేరు చదవకుండా వచ్చేస్తే వాళ్ల మధ్య లేని గీత మనం గీసినట్టే.

పిల్లల్ని తీసుకెళ్లే టీచర్లు, తల్లిదండ్రులు బస్సు దిగే ముందు ఒక పది నిమిషాలు వీటిని చెప్పండి. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఫోన్ ఆపాలో, ఎవరికి దారి ఇవ్వాలో చెబితే చాలు. ఆ పిల్లలే రేపు పక్కన ఫోన్ మాట్లాడుతున్న పెద్దాయనకు 'అంకుల్, ష్..' అని సైగ చేస్తారు.