బ్రిగేడును, కట్టుబడి మాన్యమును

2025 జూలై 26వ తేదీన, కార్గిల్ విజయదినోత్సవ సందర్భమున, సైన్యాధ్యక్షుడు జనరల్ ఉపేంద్ర ద్వివేది ద్రాసులో రుద్ర బ్రిగేడుల నిర్మాణమును ప్రకటించినది మొదలు, డ్రోనులను గూర్చియు ఫిరంగులను గూర్చియు వెలువడిన వ్రాతలకు కొదువ లేదు. వానిని ప్రయోగించు మనుష్యుని బ్రదుకుతెరువు ప్రసంగము మాత్ర మందు మిక్కిలి అరుదు. కోయిలకుంట్లవాడనగుటచే నాకీ లోపము ముందుగా కంటబడినది.

పదిమంది సిపాయిల సెక్షనుతో మొదలై, ప్లటూనుగా, కంపెనీగా, సుమారు ఎనిమిది వందలమంది గల బెటాలియనుగా పెరిగి, అట్టి బెటాలియనులు మూడు ఒక బ్రిగేడియరు చేతిక్రిందికి వచ్చుట పదాతి బ్రిగేడుకు చిరకాలముగా నున్న కట్టు. టాంకులును, ఫిరంగులును, ఇంజనీరు దళములును అవసరమునుబట్టి పైనుండి వచ్చి కలియుచుండెడివి. వాని నన్నిటిని శాంతికాలముననే ఒక్క నాయకత్వమున నుంచి, కలిసి శిక్షణ పొందనిచ్చుటయే క్రొత్త యేర్పాటులోని విశేషము; యుద్ధభూమిలో తొలిసారి పరిచయము చేసికొను దళములకంటె ఇది మేలని వేరుగ జెప్పనక్కరలేదు. బ్రిగేడు కార్యాలయమున బ్రిగేడ్ మేజరు యుద్ధవ్యూహమును చూచుచుండగా, డీ.క్యూ. అని వ్యవహరింపబడు అధికారి రేషను, మందుగుండు, వాహనముల లెక్కలు చూచుచుండును. నన్నడిగినచో బ్రిగేడు ప్రాణ మీ రెండవవాని బల్లమీదనే యున్నది.

మా సీమలో పాలెగాండ్ర కాలమున అట్టి బల్ల లేదు. పాలెగాని పిలుపందినంతనే ఆయుధముతో వచ్చి నిలుచు కట్టుబడి భటునకు జీతమును, రేషనును, వార్ధక్యమున ఆధారమును సమస్తము వాని మాన్యపు చేనే. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీవారికి ధారపోసిన పిమ్మట, థామస్ మన్రో పాలెగాండ్ర బలమును విరిచి, పలువురకు భరణములతో సరిపుచ్చెను. కట్టుబడివారి యవసరము సర్కారునకు క్రమముగా తగ్గెను. అవసరము తగ్గిన కొలది, మాన్యము ననుభవించువాడు మరణించినంతనే ఆ భూమిని సర్కారులో కలుపుకొనుట మొదలయ్యెను. నెలకు పదునొకండు రూపాయల చిల్లర భరణముతో నున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై పడినపుడు, ఆయన వెనుక నడచినవారిలో ఇట్లు చేలు పోయినవారును, పోవునని భయపడినవారును ఎందరో యుండిరి. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఈ యూరిలోనే ఉరితీసి, శిరస్సును 1877 వరకు కోటగోడకు వ్రేలాడదీసిరి. రెడ్డిగారి శౌర్యమును మనము తనివితీర పాడుకొంటిమి. ఆ మాన్యముల లెక్క తిరుగవేసినవారు తక్కువ.

ఆ లెక్క నేటికిని పనికివచ్చును. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ పథకము ననుసరించి అగ్నివీరులుగా చేరిన యువకులలో నాలుగేండ్ల పిదప నూటికి ఇరువదియైదుగురికి మించకుండ సైన్యమున నిలుపుకొని, మిగిలినవారిని సేవానిధి పేర సుమారు పదునొకండున్నర లక్షలతో, పింఛను లేకుండ, ఇంటికి పంపుదురు. సైన్యము యౌవనముతో నుండవలెనను వాదమును నేను త్రోసిపుచ్చను. హిమాలయ శిఖరములపై నలువదేండ్లవాని మోకాళ్ళు ఇరువదేండ్లవాని మోకాళ్ళు కాజాలవు. అయినను టాంకును, ఫిరంగిని, డ్రోనును ఒక్క త్రాట నడుపుట నేర్చుకొనుట కేండ్లు పట్టు బ్రిగేడును నిర్మించుచు, నేర్చినవారిలో ముప్పాతికమందిని నాలుగవ యేట వదలుకొనుట ఏపాటి పొదుపు?

2025 మే నెలలో నియంత్రణరేఖకడ ప్రాణమర్పించిన అగ్నివీరుడు మన సీమవాడే, శ్రీ సత్యసాయి జిల్లా తండాబిడ్డ. ఆతని కుటుంబమునకు రాష్ట్రప్రభుత్వము ఏబది లక్షల రూపాయలును, అయిదెకరముల భూమియు ప్రకటించుట ఉచితమే. కాని అది ప్రభుత్వ ఔదార్యము. పూర్తికాలపు సిపాయి కుటుంబమునకు వచ్చు పింఛను హక్కు. 2022 డిసెంబరు మొదలు శిక్షణకు చేరినవారి గడువు 2026 చివరనుండి తీరనున్నది. ఈలోగా నిలుపుకొనువారి పాలును సగమునకైన పెంచి, విధినిర్వహణలో మరణించిన అగ్నివీరుని తలిదండ్రులకు సాధారణ సిపాయి కుటుంబముతో సమానముగా పింఛను నిచ్చునట్లు కేంద్రము నిబంధనలను సవరింపవలెను.