మారని తూకం, మారే ధర

శ్రీకాకుళం రోడ్ నుంచి పలాస వెళ్లే రైలు దారిలో హరిశ్చంద్రపురం అని ఓ స్టేషన్ ఉంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే మనవైపు పిల్లలకి 'కాన్‌స్టంట్' అంటే ఏమిటో చెప్పాల్సి వస్తే నేను ఆ పేరే గుర్తు చేస్తాను. ఒకసారి ఇచ్చిన మాట చివరిదాకా తప్పకపోవడమే కాన్‌స్టంట్ పని.

జీడిపిక్కల లెక్కే చూడండి. పలాసలో పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ధర ఇవాళ ఒకటి, రేపు ఒకటి. బస్తా తూకం అలా కాదు. కాబట్టి జావాలో తూకాన్ని 'ఫైనల్ ఇంట్ బస్తా_కిలోలు = 80' అన్న పద్ధతిలో ప్రకటిస్తాం. ధరని మామూలు వేరియబుల్‌గా వదిలేస్తాం. తర్వాత ఇంకో వరుసలో ఎవరైనా పొరపాటున ఆ 80ని 75 చేయబోతే కంపైలర్ ఒప్పుకోదు. ప్రోగ్రామ్ నడవక ముందే ఆపేస్తుంది.

"పేరెందుకండీ, నేరుగా 80 అని కొట్టేస్తే పోలా?" అంటారు కొందరు. ప్రోగ్రామ్‌లో నలభై చోట్ల 80 ఉందనుకోండి. అందులో బస్తా తూకం ఏది, కళాసీ కూలి ఏది? రేపు 50 కిలోల సంచులొస్తే ఏవి దిద్దాలి, ఏవి వదలాలి? పేరు పెట్టుకుంటే ఒక్క చోట దిద్దితే సరి.

ఇక టైపు సంగతి. దీని దగ్గరే డబ్బు పోయేది. బస్తా ధర 15,500 అనుకోండి. 80తో భాగిస్తే కిలో 193 రూపాయల 75 పైసలు. ధర, తూకం రెండూ 'ఇంట్' అయితే జావా ఆ పైసల్ని చడీచప్పుడు లేకుండా కోసేసి 193 అంటుంది. హెచ్చరిక కూడా రాదు. ఆ 193ని మళ్లీ 80తో గుణిస్తే 15,440. బస్తాకి 60 రూపాయలు తగ్గింది. ఇరవై బస్తాలు తెచ్చిన రైతుకి 1,200 నష్టం. ప్రోగ్రామ్ మాత్రం ఏ తప్పూ చూపించదు.

అందుకే డబ్బుని పైసల్లో దాచుకోమంటాను. 15,50,000 పైసల్ని 80తో భాగిస్తే 19,375, శేషం లేదు. శేషం మిగిలే ధర అయితే ముందు గుణించి, ఆఖర్న భాగించండి.

ఒక్కటి మరవకండి. 'ఫైనల్' అన్న మాట ఆ అంకె మారకుండా కాపలా కాస్తుంది, అంతే. అసలు ఆ అంకె నిజమో కాదో దానికి తెలీదు. కాబట్టి కొత్తగా బిల్లుల ప్రోగ్రామ్ రాసేవాళ్లు కీబోర్డు ముట్టుకునే ముందు కాటా దగ్గరకి వెళ్లండి. మారేవి ఏవో, మారనివి ఏవో అక్కడి వాళ్లని అడిగి, కాగితం మీద రెండు వరుసలుగా రాసుకోండి.