సమ్మతి యెవరిది?

18 ఏండ్లు నిండని బాలబాలికల వివరములను కంపెనీలు గైకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము విధించినది. మంచిదే. కాని మన యిండ్లలో పెక్కింట తండ్రి ఫోనునకు పాస్‌వర్డు పెట్టినది కుమారుడు. తల్లికి వచ్చిన ఓటీపీని చదివి చెప్పునది కుమార్తె! ఇక నీ సమ్మతి యెవరి సమ్మతి? పైగా నది ముఖ్యముగ వివరములకు రక్షణయే గాని, బిడ్డ కన్నులయెదుటికి వచ్చు నసభ్యదృశ్యములకు అడ్డుకట్ట కాదు.

ఆస్ట్రేలియా 2024లో వేఱు త్రోవ త్రొక్కినది. 16 ఏండ్లలోపు వారికి ముఖ్యమైన సామాజిక మాధ్యమములలో ఖాతా లుండరాదు. అందులకు తగిన యేర్పాట్లు చేయని కంపెనీలకే జరిమానా, పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని లేదు. పిల్లలు దొంగదారులు వెదకుదు రందురు. వెదకుదురు గాక! బాలునకు సారా యమ్మిన యంగడివానిని విడిచి తండ్రిని పట్టుకొను న్యాయ మెచ్చటిది? లాభము తీయువారిపైననే భారము నుంచు శాసనమును మన పార్లమెంటు సత్వరముగ చేయవలెనని మేము కోరుచున్నాము.