దడకు వైద్యం చేయించుకుంటే పోరాటం ఆగదు

మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు ఇది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలని, అణగారిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలిగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. తీర్పు మంచిదే. అది గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల దాకా, అక్కడి నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకునే పిల్లల దాకా చేరుతుందా అన్నదే ప్రశ్న.

మన వాడల్లో యాంగ్జైటీ అనే మాట వినపడదు. 'గుండె దడ', 'గాభరా', 'నరాల బలహీనత', 'ఒంట్లో వణుకు' అంటారు. పత్తి తీసి, మిరపకాయలు కోసి వచ్చిన మనిషికి రాత్రి నిద్ర పట్టదు. ఆర్ఎంపీ డాక్టరు సెలైన్ పెడతాడు, బలానికి ఇంజెక్షన్ ఇస్తాడు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. అప్పు మాత్రం పెరుగుతుంది. ఇంకొందరు గాలి సోకిందని, దిష్టి తగిలిందని తిప్పుతారు.

ఈ దడకు కారణాలు మన కళ్ల ముందే ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ధర పడితే రైతులందరికీ దెబ్బే. కాని సొంత భూమి లేని కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. పురుగు మందుల కొట్టులోనే అతని ఖాతా. పంట పోయినా కౌలు కట్టాల్సిందే. ఆ అప్పు మీద చదివే కొడుక్కో కూతురికో పరీక్ష హాల్లో చేతులు వణికితే, ఆ వణుకు చదువు రాక వచ్చింది కాదు.

మరి ఇది భయమా, జబ్బా? పరీక్ష ముందు, కోర్టు వాయిదా ముందు గుండె కొట్టుకోవడం సహజం. పని అయిపోయాక అది తగ్గాలి. తగ్గకుండా రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉంటే, నిద్ర, తిండి, చదువు, కూలి దెబ్బతింటుంటే, జనంలోకి వెళ్లడం మానేస్తుంటే, దడ తగ్గడానికి మందుకో మాత్రకో అలవాటు పడుతుంటే డాక్టరుకు చూపించుకోవాల్సిన సమయం వచ్చినట్టే. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు చూడకూడదు, ఆ రోజే మనిషిని తోడు తీసుకుని వెళ్లాలి.

మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త అవసరం. పురుగు మందు కొట్టిన రోజు చెమటలు, వణుకు, ఛాతీ బిగుతు, వాంతులు, నోట్లో లాలాజలం ఊరడం, చూపు మసకబారడం కనిపిస్తే అది గాభరా కాకపోవచ్చు, మందు విషం ఎక్కడం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తహీనత, థైరాయిడ్ వల్ల కూడా దడ వస్తుంది. కాబట్టి ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష, బీపీ చూపించుకోవడం మంచిది.

ఇక అసలు చర్చకు వద్దాం. మానసిక ఆరోగ్యం అంటే మన ఉద్యమాల్లో కొంత అనుమానం ఉంది. దానికి కారణమూ ఉంది. 2016 జనవరి 17న గుంటూరు బిడ్డ రోహిత్ వేముల మరణించినప్పుడు దాన్ని వ్యక్తిగత నిరాశగా చూపే ప్రయత్నం జరిగింది. కులం చేసిన గాయాన్ని మనిషి బలహీనతగా మార్చే ఎత్తుగడ అది. దాన్ని మేము ఎప్పటికీ ఒప్పుకోం. అయితే గాయం చేసింది సమాజమే అయినా, నొప్పి పడేది మాత్రం మనిషే. కొట్టిన వాడి మీద కేసు పెడతాం, విరిగిన చేతికి కట్టూ కట్టిస్తాం. ఒకటి చేస్తే రెండోది వద్దని ఎవరూ అనరు. మనసు విషయంలో మాత్రం ఎందుకు అంటున్నాం?

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బతికిన వాళ్లు చీరాలకు వచ్చి శిబిరంలో ఉండి పోరాడారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. అన్నేళ్లు వాయిదాలకు తిరిగిన సాక్షులు, భర్తల్ని పోగొట్టుకున్న స్త్రీలు ఏ నిద్ర పోయి ఉంటారో ఎవరైనా అడిగారా? మనమూ నినాదం రాశాం గాని, ఆ ప్రశ్న తక్కువగానే అడిగాం.

చట్టం మన పక్షాన ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం కుల వివక్ష లేకుండా వైద్యం పొందడం హక్కు. పేదలకు తెల్ల కార్డు ఉన్నా లేకున్నా ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. చెప్పిన విషయం గోప్యంగా ఉంచాలి. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

అక్కడ కూర్చున్న డాక్టరు కులం గురించి చెబితే వింటాడా అనే భయం న్యాయమైనదే. మొదటిసారి వెళ్లినప్పుడే పరీక్షించుకోండి. హాస్టల్లో, పొలంలో, కాలేజీలో జరిగిన అవమానం చెప్పండి. వింటే మళ్లీ వెళ్లండి. 'అవన్నీ పట్టించుకోవద్దు' అని తీసిపారేస్తే డాక్టరును మార్చండి, వైద్యాన్ని మానొద్దు.

సంఘాలుగా మనం అడగాల్సినవీ ఉన్నాయి. ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టలుకు శిక్షణ పొందిన కౌన్సెలర్ రావాలి. అట్రాసిటీ బాధితుల పునరావాసంలో మానసిక వైద్యాన్ని చేర్చాలి. కౌన్సెలర్ ఉద్యోగాల్లో మన పిల్లలు ఉండాలి. అప్పటిదాకా మన పక్కన కూర్చున్న తమ్ముడో చెల్లెలో నాలుగు రోజులుగా మాట్లాడకపోతే, మీటింగుకు ఎందుకు రాలేదని నిలదీసే ముందు నిద్ర పడుతోందా అని అడుగుదాం.